సున్నపు బట్టీ దగ్గర మూడు గిట్టల చప్పుడు

మా ఊరు థార్ల్‌బీ నుంచి రైలు స్టేషన్‌కి పోయే దారిలో, బీడు మధ్యన, పాత సున్నపు బట్టీ ఒకటుంది. పొద్దుగూకాక అటు ఎవరూ పోరు. మా ఊరి తాగుబోతులు కూడా ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి మత్తు దిగిపోయి, రాతిగోడలు దూకి, పొలాలకు అడ్డంపడి ఇల్లు చేరుకుంటారు. బట్టలు చిరిగినా సరే, ముళ్ళు గీరుకున్నా సరే — ఆ మలుపు మాత్రం తిరగరు.

బట్టీ ఆరిపోయి చాలా ఏళ్ళయింది. దాని పక్కనున్న గొయ్యి మాత్రం ఇంకా వాడుకలోనే ఉంది. మాది పందెపు గుర్రాల ఊరు. గెలిచే గుర్రానికి ఊలు దుప్పటి, గుడ్లు కలిపిన దాణా, రాత్రంతా పక్కన కాపలా మనిషి. కాలు విరిగిన గుర్రానికి ఆ గొయ్యి. పైన సున్నం పోస్తారు — వాసన ఊళ్ళోకి రాకుండా.

పొగమంచు పట్టిన రాత్రి అక్కడ గుర్రం నడుస్తున్న చప్పుడు వినిపిస్తుందంటారు. నాలుగు గిట్టల చప్పుడు కాదు. మూడే.

టక్... టక్... టక్... ఆ తర్వాత ఒక ఖాళీ. నాలుగో గిట్ట పడాల్సిన చోట ఏమీ పడదు. మళ్ళీ టక్... టక్... టక్...

సైలస్ థర్కెల్ అనే జాకీకి అక్కడ ఏం జరిగిందో అతని భార్య డోర్కస్ చెప్పగా విన్నాం. సైలస్ ఇంకా ఉన్నాడు. స్టేషన్‌లో మూటలు మోస్తాడు. బయట గుర్రపు బండి ఆగిందంటే చాలు — మోస్తున్న మూట అక్కడే దించేసి, గోడవైపు తిరిగి నిలబడతాడు.

అతని బొమ్మ ఒకప్పుడు పింగాణీ కప్పుల మీద అచ్చయ్యేది. విక్టోరియా రాణిగారి రోజులవి. దొరలకీ కూలీలకీ ఒకే పిచ్చి — గుర్రాలు. కెస్ట్రెల్ అనే నల్ల గుర్రం దేశంలో ఉన్న పెద్ద పందేలన్నీ గెలుచుకుంటున్నప్పుడు దాని వీపు మీద కూర్చున్నవాడు సైలస్. పెళ్ళికూతుళ్ళు దాని జూలు వెంట్రుక దొరికితే లాకెట్‌లో దాచుకునేవాళ్ళు.

ఇది జరిగేనాటికి కెస్ట్రెల్ పోయి మూడేళ్ళయింది. సైలస్‌కి ముప్ఫై అయిదు దాటాయి. ఒళ్ళు చెప్పిన మాట వినడం మానేసింది. గాలి పీల్చినా బరువు పెరుగుతున్నాడు.

ఆ సెప్టెంబర్ సాయంత్రం, డాంకాస్టర్ పందేనికి ముందు రోజు, గుర్రపుశాలలో అతన్ని తూకపు కుర్చీలో కూర్చోబెట్టారు. లార్క్‌స్పర్ అనే ఆడగుర్రం మరునాడు తేలికపాటి బరువుతో పరుగెత్తాలి; జాకీ దానికి మించి తూగకూడదు. సైలస్ వారం నుంచి ఎండు రొట్టెముక్కా, పాలు లేని టీతో బతుకుతున్నాడు. భేదిమందు తాగాడు. మధ్యాహ్నమంతా వేడి లద్దెకుప్పలో మెడదాకా కప్పించుకుని చెమటలు కక్కాడు. అయినా కుర్చీ కిందికే మొగ్గింది.

ట్రైనర్ గాంట్ ముల్లు వైపు చూశాడు. గాంట్ గొంతు పెంచగా ఎవరూ వినలేదు. కోపం వస్తే ఆయన గొంతు ఇంకా తగ్గుతుంది.

"ఇంకా మాంసం ఉంది నీ ఒంటి మీద."

"పొద్దున్నకి దిగుతుందయ్యా."

"ఎలా దిగుతుంది? కోసి పక్కన పెడతావా?"

వెనకాల వాల్టర్ స్కేఫ్ తలుపుకి ఆనుకుని నిలబడి పంది మాంసం కూరిన రొట్టె తింటున్నాడు. కుర్ర జాకీ. ఎంత తిన్నా కట్టెపుల్లలా ఉంటాడు. సైలస్ బరువు దిగకపోతే రేపు జీను అతనిదే. నూనె కారుతున్న వేళ్ళు ఒక్కొక్కటీ తీరుబడిగా నాకాడు.

"అన్నా, వాసన చూస్తే బరువు పెరగదులే. దగ్గరికి రా."

గుర్రాల వాళ్ళు నవ్వారు. సైలస్ నవ్వలేదు. అతని నోట్లో నీళ్ళూరాయి — ఆ ఊరిన నీళ్ళని కూడా ఉమ్మేశాడు, బరువని.

"ఉన్న బట్టలన్నీ తొడుక్కో," అన్నాడు గాంట్. "స్టేషన్ దగ్గర సత్రం దాకా పరుగులాంటి నడక. అక్కడ నిప్పు పక్కన కూర్చుని వేడి టీ. మళ్ళీ అదే నడకన వెనక్కి. నేను కుర్చీ దగ్గరే ఉంటాను."

సైలస్ స్టేషన్ దారి వైపు ఒకసారి చూశాడు.

"ఊరికి ఈ పక్క నడుస్తానయ్యా. వంతెన దాకా ఎన్నిసార్లు తిరగమంటే అన్నిసార్లు..."

"ఈ పక్కన చదును. అటు ఎత్తు. ఎత్తుకే చెమట."

"చీకటి పడింది. బట్టీ దారి..."

"ఏం? బట్టీ దగ్గర నీ కోసం ఎవరైనా ఎదురుచూస్తున్నారా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. వాల్టర్ కూడా నమలడం ఆపాడు.

ఇంట్లో డోర్కస్ ఒకదాని మీద ఒకటి ఫ్లానెల్ చొక్కాలు తొడిగింది. వాటి మీద ఊలు బనీన్లు, వాటి మీద కోటు, దాని మీద తన తండ్రి వదిలిపోయిన మందపాటి ఓవర్‌కోటు. గుండీలు పెడుతుంటే అతని పక్కటెముకలు ఆమె వేళ్ళకి తగిలాయి.

"ఇందులో ఇంకేం మిగిలిందయ్యా దింపడానికి?"

"ఒక్క రోజే."

"పోయిన నెలా ఒక్క రోజే అన్నావు. స్టేషన్‌లో మా అన్న చెప్పిన పని..."

"మూటలు మొయ్యనా నేను?"

"మూటలు మోసేవాళ్ళు రాత్రికి అన్నం తింటారు." ఆమె పై గుండీ బిగించింది. "నువ్వు గెలిస్తే వాళ్ళు తింటారు. నువ్వు వాసన చూస్తావు."

అతను గుమ్మం దాటాడు. ఆమె వెనక నుంచి మెల్లగా అంది — "సత్రంలోనే పడుకో. తెల్లారి రా. గుర్రం వాళ్ళది, ప్రాణం నీది."

"తెల్లారితే జీను వాల్టర్‌ది," అన్నాడతను.

పొగమంచు అప్పటికే బీడు మీదికి దిగింది. చెయ్యి చాస్తే వేళ్ళు కనిపించవు. అతను నేల చూసుకుంటూ, మోచేతులు ఊపుకుంటూ నడిచాడు. వెళ్ళేటప్పుడు ఏమీ వినపడలేదు. బట్టీ దగ్గర ఊపిరి బిగబట్టి, కళ్ళు మూసుకుని మలుపు తిరిగాడు. తెలిసిన దారే. మరీ ఎక్కువ తెలిసిన దారి.

మూడేళ్ళ కిందట కెస్ట్రెల్ ఎడమ ముంగాలు వేడిగా ఉందని మొదట కనిపెట్టింది సైలసే. మోకాలి కింద నరం పొంగి ఉంది. గాంట్‌కి చెప్పాడు. గుట్ట మీద గుర్రం యజమాని సర్ లయొనెల్, ఆయన చుట్టాలూ దుర్భిణులు పట్టుకుని, పరుగు చూద్దామని కూర్చున్నారు. గాంట్ అటు చూసి, ఇటు చూసి, "ఎక్కు," అన్నాడు.

ఎక్కాడు.

గుర్రం కదలనంది. అన్నేళ్ళలో అది ఎప్పుడూ అలా అనలేదు. మెడ తిప్పి ఒకసారి అతనివైపు చూసింది. సైలస్ కొరడా తీశాడు.

బట్టీ మలుపు దగ్గర ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది.

కాల్చెయ్యడానికి యజమాని అనుమతి కావాలి. యజమాని చుట్టాలతో భోజనానికి వెళ్ళాడు. భోజనం అయ్యేదాకా గుర్రం చలిగాలిలో మూడు కాళ్ళ మీద నిలబడింది. విరిగిన కాలు తోలు పట్టుకుని వేలాడుతోంది. తర్వాత కబురొచ్చింది. గాంట్ తుపాకీ తెచ్చి దాన్ని గొయ్యి అంచుకి నెట్టించాడు. సైలస్ చూడలేక, పగ్గాలు వేరేవాడి చేతికిచ్చి, స్టేషన్ దారి పట్టుకుని నడిచిపోయాడు.

తుపాకీ పేలింది. గుండు గురి తప్పి దవడకి తగిలింది.

అప్పుడు విన్నాడు వెనకాల... టక్... టక్... టక్... గుర్రం పగ్గాలు తెంపుకుని, అంతమంది చేతులు విదిలించుకుని, మూడు కాళ్ళ మీద గెంతుకుంటూ వస్తోంది. ఎక్కడికో కాదు. అతని దగ్గరికే. ఆ ఊళ్ళో తనకి తెలిసిన మనిషి అతనొక్కడే.

సైలస్ పరుగెత్తాడు. దాన్నుంచి పారిపోయాడు.

రెండో గుండు పేలేదాకా ఆ చప్పుడు అతని వెనకే వచ్చింది.

ఆ తర్వాత ఈ మూడేళ్ళలో పొగమంచు పట్టిన రాత్రి ఒక్కసారి కూడా అతను ఆ దారిన పోలేదు. ఊరివాళ్ళు ఏవేవో చెప్తే విన్నాడు. నమ్మలేదని అనేవాడు. రాత్రిళ్ళు పక్కమీంచి లేచి కూర్చోవడం మాత్రం డోర్కస్‌కి తెలుసు.

సత్రం చేరేసరికి ఒంటినిండా చెమట. లోపల నిప్పు పక్కన కూర్చోబెట్టి, కంబళ్ళు కప్పి, కాలిపోయే టీ ఇచ్చారు. సత్రం ఆమె జాలిపడి గిన్నెలో ఒక ముక్క మాంసం పెట్టబోయింది. అతను రెండు చేతులతో గిన్నెని దూరంగా తోశాడు.

"ఇక్కడే పడుకోవయ్యా," అందామె. "ముఖం పిండిలా పాలిపోయింది."

అతను తల అడ్డంగా ఊపి లేచాడు.

బయట నిశ్శబ్దం... మంచు చెవుల్లో దూది కుక్కినట్టుంది. తన అడుగుల చప్పుడే తనకి వినపడటం లేదు. ఎత్తు ఎక్కాడు. సత్రం తలుపు వెలుగు వెనకాల పలచబడి, మాసిపోయి, ఆరిపోయింది.

టక్.

అతను ఆగాడు.

ఏమీ లేదు. గుండె అయి ఉంటుంది అనుకున్నాడు. నడిచాడు.

టక్... టక్... టక్...

ఖాళీ.

టక్... టక్... టక్...

వెనకాలే. దూరంగానే ఉంది... కానీ వెనకాలే. అతను ఆగితే అదీ ఆగింది. అతను అడుగేస్తే అదీ అడుగేసింది. ఆగినప్పుడల్లా ఊపిరి వినిపిస్తోంది — బరువుగా, తడిగా, నొప్పి పడుతున్న జంతువు ఊపిరి. లాడం రాయి మీద జారి గీసుకున్న చప్పుడు. మళ్ళీ నిలదొక్కుకుంది.

వెనక్కి తిరిగి చూడాలంటే మెడ కదలలేదు.

"వద్దు," అన్నాడు, గొణుగుతున్నట్టు. "నా దగ్గరికి రావద్దు."

అది వచ్చింది.

సైలస్ పరుగెత్తాడు. ఓవర్‌కోటు కాళ్ళకి చుట్టుకుంది. చెమట కళ్ళల్లోకి కారింది. బట్టీ ఎప్పుడు దాటాడో, ఎక్కడ బోర్లాపడ్డాడో, అరచేతుల తోలు ఎక్కడ ఊడిందో అతనికి తెలియదు. పడినప్పుడల్లా వెనకాల ఆ మూడు దెబ్బలు దగ్గరవుతున్నాయి. లేచి మళ్ళీ పరుగు. ఏడుస్తున్నాడు. ఆ మాట అతనే డోర్కస్‌కి చెప్పాడు — చిన్నపిల్లవాడిలా బిగ్గరగా ఏడుస్తూ పరుగెత్తానని.

గుర్రపుశాల గేటు దగ్గర లాంతరు వెలుగుతోంది. గాంట్ కుర్చీ పక్కనే నిలబడి ఉన్నాడు. చెప్పినట్టుగానే.

అడగలేదు ఏమైందని. బట్టలు ఊడదీయించాడు. తడిబట్టలు పిండితే నేల మీద మడుగు కట్టింది. వణుకుతున్న మనిషిని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టారు. ముల్లు నిలవాల్సిన చోట నిలిచింది.

గాంట్ నవ్వాడు. ఆయన నవ్వడం ఊళ్ళో చాలామంది చూడలేదు.

"చూశావా," అన్నాడు. "ఒంట్లో చెమట ఉంటుంది. తియ్యడం తెలియాలి అంతే."

మరునాడు డాంకాస్టర్‌లో ఎండ కాసింది. నిన్నటి మంచు ఎవరో చెప్పిన కథలా ఉంది. జనం, గొడుగులు, బ్యాండు మేళం. సైలస్ కళ్ళు నల్లగా లోతుకుపోయి ఉన్నాయి. రంగుల సిల్కు చొక్కా అతని ఒంటి మీద కర్రకి తగిలించినట్టు వేలాడింది. జీను ఎక్కేటప్పుడు కళ్ళు తిరిగి, లార్క్‌స్పర్ జూలు పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

పందెం ఎలా గెలిచాడో అతనికి సరిగా గుర్తులేదు. చివరి మలుపులో వెనకాల గిట్టలు మోగాయి. పందెం గుర్రాల గిట్టలే. అతని చెవులకి మాత్రం వేరేగా వినిపించాయి. భయంతో కొట్టాడు. బూట్ల మడమ ముళ్ళతో పొడిచాడు. లార్క్‌స్పర్ ప్రాణం పెట్టి, మెడ ముందుకు చాచి, ఒక్క తలకాయంత ముందుగా గీత దాటింది.

దిగి చూసుకుంటే దాని డొక్కల నిండా నెత్తురు. లార్క్‌స్పర్ కూడా సర్ లయొనెల్‌దే; ఆయన వచ్చేలోపు గాంట్ తన చేతిరుమాలుతో నెత్తురు తుడిచి, రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తూకం గదిలో సర్ లయొనెల్ చాలా సంతోషంగా ఉన్నాడు. "గాంట్, నిన్న రాత్రి వీడు ఇంత బరువున్నాడని విన్నానే. ఎలా దింపావయ్యా?"

సైలస్ జీను విప్పుతున్నాడు. వాళ్ళు అతన్ని చూసి గొంతు తగ్గించుకోలేదు. కుర్చీ ముందు మాట్లాడుకున్నట్టే మాట్లాడుకున్నారు.

"భయం దింపిందండి," అన్నాడు గాంట్. "వీడికి పాత గుర్రం ఒకటి వెంటపడుతుందని పిచ్చి. కెస్ట్రెల్ గుర్తుంది కదా మీకు. మన ముసలి బూడిదరంగు గుర్రం ఉంది, గడ్డిబండి లాగేది. దాని ముంగాలు మడిచి తోలుపట్టీతో బిగించి కట్టమన్నాను. మొండి గుర్రాల్ని లొంగదీసేవాళ్ళు కడతారే, అలా. మూడు కాళ్ళ మీద వీడి వెనక నడిపించమని వాల్టర్‌ని పంపాను. సత్రం వెనక కాచుకుని ఉన్నాడు."

"అంత దూరమూనా?"

"బట్టీ దాకా వచ్చాడండి. తర్వాత ముసలిది కూలబడింది. అప్పటికే వీడు ఏడుస్తూ పరుగెడుతున్నాడు. వెనక ఏమీ లేకపోయినా పరుగెత్తేవాడే."

సర్ లయొనెల్ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. "బావుంది. చాలా బావుంది. వచ్చే వారం కూడా చేయించు."

అక్కడున్నవాళ్ళందరూ సైలస్ వైపు చూశారు. కోపం తెచ్చుకుంటాడేమోనని వాల్టర్ ఒకడుగు వెనక్కి వేశాడు.

సైలస్‌కి కోపం రాలేదు. అదే విచిత్రం. గుండెల మీంచి బండ ఎవరో దొర్లించినట్టయింది. దెయ్యం లేదు. గుర్రపు దెయ్యం లేనేలేదు. తోలుపట్టీ. ముసలి గుర్రం. వాల్టర్ స్కేఫ్. ఊరివాళ్ళు ఇన్నాళ్ళూ విన్నదీ అలాంటిదే అయి ఉంటుంది, ఎవడో ఆకతాయి పని. మూడేళ్ళు పక్కమీద లేచి కూర్చున్నది ఇందుకా?

అతను కూడా నవ్వాడు. నవ్వుతూనే ఉన్నాడు. ఇక చాలు అని ఎవరో భుజం తట్టేదాకా నవ్వాడు.

సాయంత్రం రైలు దిగేసరికి మళ్ళీ మంచు. స్టేషన్ బయట సర్ లయొనెల్ బండి ఉంది. గాంట్ ఎక్కి పక్కన కూర్చున్నాడు. ఇంకొకరికి చోటుంది. సైలస్ ఒక చెయ్యి తలుపు మీద వేశాడు.

గాంట్ ఆ చేతివైపు చూశాడు. "నువ్వు నడువు. వచ్చే వారం మళ్ళీ ఎక్కాలి కదా."

బండి వెళ్ళిపోయింది.

వాల్టర్ సత్రం వైపు నడుస్తూ, "రా అన్నా, ఒక గ్లాసు," అన్నాడు. సైలస్ అతనితో లోపలికెళ్ళి వారం తర్వాత మొదటిసారి మాంసం తిన్నాడు. నాలుగు ముద్దలకే కడుపు నొప్పెట్టింది. అయినా తిన్నాడు.

"నా మీద పగ పెట్టుకున్నావా?" అడిగాడు వాల్టర్.

"లేదురా."

"పెట్టుకో. నేనయితే పెట్టుకుంటాను." వాల్టర్ గ్లాసు ఖాళీ చేశాడు. "పెద్దాయన చెప్తే చెయ్యకుండా ఎలా?"

"ఆ ముసలిది ఎక్కడుంది?"

"ఇక్కడే. వెనక కొట్టంలోకి ఎలాగో ఈడ్చుకొచ్చి పడేశాను. ఊరిదాకా నడవలేదు."

"పట్టీ విప్పావా?"

వాల్టర్ ఆలోచించాడు. "విప్పే ఉంటాను. చీకటి, మంచు, చేతులు కొయ్యలయ్యాయి... ఏమో. పొద్దున చూస్తాలే." ఇంకో గ్లాసు తెమ్మని చెయ్యెత్తాడు.

సైలస్ లేచి వెనక్కి వెళ్ళాడు. కొట్టం తలుపుకి తాళం వేసి ఉంది. సందులోంచి చూస్తే చీకటే. పిలిచాడు. కదలిక లేదు. తాళంచెవి సత్రం ఆయన దగ్గరుంది. ఆయన బండి కట్టుకుని పక్క ఊరెళ్ళాడు.

రేపు పొద్దున్నే వచ్చి చూద్దామనుకుని ఇంటిదారి పట్టాడు. మంచు నిన్నటంత చిక్కగా ఉంది. భయం మాత్రం లేదు. ఎత్తు ఎక్కుతూ, రేపు డోర్కస్ అన్నతో మాట్లాడదామనుకున్నాడు. మూటలు మొయ్యడం అంత చెడ్డ పనేమీ కాదు. మూటలకి ముంగాళ్ళు ఉండవు. ఆ ఆలోచనకి తనే చిన్నగా నవ్వుకున్నాడు.

బట్టీ మలుపు వచ్చింది.

టక్... టక్... టక్...

అతను ఆగాడు. మెడ ఈసారి తేలిగ్గా తిరిగింది.

"వాల్టర్," అన్నాడు. "చాల్లేరా. ఇవాళ నేను పరుగెత్తను."



టక్... టక్... టక్... ఖాళీ...

అదే తడి ఊపిరి. దగ్గరికొస్తోంది. లాడం రాయి మీద జారింది, నిలదొక్కుకుంది. పాపం, తాగిన మైకంలో ఆ ముసలిదాన్ని మళ్ళీ లాక్కొచ్చాడు. పట్టీ విప్పనే లేదు. సైలస్‌కి జాలేసింది. నిన్న రాత్రి తను ఎవర్ని దగ్గరికి రావద్దన్నాడో గుర్తొచ్చి సిగ్గేసింది.

"దాన్ని నడిపించకు. అక్కడే ఆపు. నేనొస్తున్నా."

ఎదురెళ్ళాడు. చెయ్యి చాచాడు. చీకట్లో ఒక మూతి వచ్చి అరచేతిలో ఆనింది. నిన్న తోలు ఊడిన చోట మంట పుట్టింది. చల్లగా ఉంది ఆ మూతి... బయట తిరిగిన జంతువు కదా, చల్లగానే ఉంటుంది. అది కదలకుండా నిలబడింది. ముక్కుతో అతని చెయ్యి తడుముతోంది.

"ఊఁ... ఊఁ... అయిపోయింది. విప్పేస్తాను. ఇంక ఎవరూ నిన్ను నడిపించరు."

పగ్గం కోసం వెతికాడు. పగ్గం లేదు. వాల్టర్ చెయ్యీ తగల్లేదు, వాడి ఊపిరీ వినపడలేదు. వదిలేసి పారిపోయి ఉంటాడు, వెధవ. సైలస్ మెడ మీద చెయ్యి వేసి నెమ్మదిగా కిందికి జరిపాడు, అలవాటుకొద్దీ, జంతువు బెదరకుండా. మెడ తడిగా ఉంది. భుజం. ఎడమ ముంగాలు.

దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పట్టీ బకిల్ ముంగాలు పైభాగాన ఉంటుంది. కాలు మడిచి ఉంటుంది, గిట్ట పొట్టకి ఆనుకుని ఉంటుంది. వేళ్ళతో తడిమాడు.

బకిల్ లేదు.

ఇంకొంచెం కిందికి తడిమాడు. మోకాలి దాకా. కాలు మడిచి లేదు. తిన్నగా కిందికే ఉంది. పట్టీ ఎక్కడా లేదు. మోకాలి కింద అతని వేళ్ళు ఎముకని వెతికాయి... ఎముక అంచు దొరికింది, పదునుగా. దాని తర్వాత తోలు మాత్రమే. చెయ్యి తగిలేసరికి ఆ తోలు, దాని చివరనున్న గిట్ట, మెల్లగా ఊగాయి. సున్నపు పొడి అతని మణికట్టు మీద రాలి, చెమటకి తడిసి, కాల్చడం మొదలుపెట్టింది.

పైన, చీకట్లో, విరిగిన దవడ ఒకటి అతని మొహం మీదికి వంగింది.